ఓడ పట్టికలోని ఊరిపేరు

క్రీ.శ. 1860 అక్టోబరు 12వ తేదీన చెన్నపట్టణపు రేవునుండి ‘ట్రూరో’ యను ఓడ బయలుదేరి, నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బను చేరెను. అందున్నవారు నేటాలు దేశమునకు అయిదేండ్ల ఒడంబడికపై పోవు కూలీలు. 1911 వరకు ఇట్లు పోయిన లక్షన్నర మందిలో తెలుగువారు పెక్కురు.

ప్రతి కూలీకిని ఒక సంఖ్య నిచ్చి, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది మచ్చలు సైతము వ్రాసికొనిరి. కూలీని గుర్తుపట్టుటకు వ్రాసిన ఆ పట్టికయే నేడు మునిమనుమలకు వంశచరిత్రయైనది! అందు ఇంటిపేరునకు మాత్రము గడి లేదు. కనుకనే ‘నాయుడు’ అను బిరుదము అచ్చట ‘నైడూ’ యై ఇంటిపేరుగా నిలిచెను.

వెదకువారు మొదట ముత్తాత సంఖ్యను పాత వివాహ, జనన పత్రములలో చూడవలెను. అది దొరకినను చిక్కు తీరదు. గుమాస్తా ఊరిపేరును తన చెవికి సోకినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసెను. కంటికి అంతుపట్టని ఆ పేరును తెలుగు వచ్చినవారు పైకి చదివినచో, ఒక్కొక్కప్పుడు ‘పాలెము’, ‘వలస’ వంటి తుదిపదము చెవికి తగులును. జిల్లా ‘వైజగపటం’ అని యున్నంత మాత్రమున నేటి విశాఖపట్టణము జిల్లాలోనే వెదకరాదు. శ్రీకాకుళము 1950లోను, విజయనగరము 1979లోను వేరు జిల్లాలైనవి.

ఒక ఊరివారు కలసి ఓడ యెక్కినచోట వారి సంఖ్యలు తరచు ప్రక్కప్రక్కనే యుండును. కావున ఒక కుటుంబము తాను పోల్చుకొన్న ఊరిపేరును తక్కినవారికి తెలిపినచో, తరువాతి సంఖ్యవాని మునిమనుమనికిని తన ఊరు తెలియవచ్చును.