అంటుమామిడి - మానవశిశువు

పాకాల మండలమందలి దామలచెరువు మామిడి మండీలకు పేరుపొందిన ఊరు. వేసవి వచ్చినంతనే చుట్టుపట్ల తోటలనుండి కాయలు అచ్చటికి చేరును. ఆ తోటలలోని చెట్లు పెక్కు టెంకనుండి మొలిచినవి కావు, అంటుకట్టినవి. తోతాపురి టెంకను నాటినచో తల్లిచెట్టు గుణములన్నియు పిల్లచెట్టునకు రావు. కావున టెంకమొక్క కాండమునకు మేలైన చెట్టు కొమ్మను చేర్చి కట్టుదురు. ఆ కొమ్మ పెరిగి తల్లిచెట్టు కాయలవంటి కాయలనే కాయును. ఒక ప్రాణికి ఇట్లు ప్రతిరూపమును కల్పించుటనే శాస్త్రజ్ఞులు క్లోనింగు అందురు.

జంతువులలో ఈ పని సులభము కాదు. ఒక జంతువు శరీరకణములోని కేంద్రకమును, కేంద్రకము తీసివేసిన వేరొక అండములో ఉంచి, ఏర్పడిన పిండమును మరియొక తల్లి గర్భమున పెంచవలెను. 1996లో స్కాట్లండునందలి రోజ్లిన్ సంస్థలో డాలీ అను గొఱ్ఱెపిల్ల ఇట్లు జన్మించెను. 277 అండములతో ప్రయత్నింపగా ఫలించినది అదియొక్కటే. మన దేశమున కర్నాలులోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో 2009 ఫిబ్రవరియందు పుట్టిన గేదెదూడ కొలది దినములకే మరణించెను. ఆ యేడు జూనులో పుట్టిన గరిమ రెండేండ్లకు పైగా జీవించెను.

మరి మానవునికిని ప్రతిరూపము కల్పింపవచ్చునా? బిడ్డను పోగొట్టుకొన్న తల్లి ఆ బిడ్డయే మరల కావలెనని కోరుట సహజము. ఆమె దుఃఖమును ఎవరు తప్పుపట్టగలరు? కాని పుట్టునది ఆ బిడ్డయేనా? ఒకే పోలికగల కవలలను చూడుడు. ముఖములు ఒక్కటే, మనస్సులు వేరు. ప్రతిరూపముగా పుట్టిన శిశువు ఆలస్యముగా పుట్టిన కవలవంటివాడే కాని గతించినవాడు కాడు. అయినను ఇంటివారు వానిలో గతించినవానినే వెదకుదురు. "వాడు ఇట్లు నవ్వెడివాడు, ఇట్లు చదివెడివాడు" అను మాటల నడుమ ఆ పసివాడు తన బ్రతుకు తాను ఎట్లు బ్రతుకగలడు?

మరియొక చిక్కు గలదు. అంటు అతుకనిచో రైతు దానిని తీసివేసి వేరొకటి కట్టును. చెడిన ప్రయత్నము మానవశిశువే అయినచో ఆ బాధకు జవాబుదారి ఎవరు? మానవగౌరవమునకు విరుద్ధమైన మానవ క్లోనింగును నిషేధింపవలెనని 2005లో ఐక్యరాజ్యసమితి దేశములను కోరెను. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన మార్గదర్శకములును ఇట్లు శిశువును పుట్టించుటను నిషేధించినవి. రోగచికిత్సకై మూలకణములపై జరుగు పరిశోధనను మాత్రము నియమములకు లోబరచినవి.

చెట్టును రైతు కాయల కొరకు పెంచును. బిడ్డను తల్లిదండ్రులు ఆ బిడ్డ కొరకే పెంచవలెను. తోటలోని చెట్లన్నియు ఒకే రుచిగల కాయలనిచ్చుట రైతునకు లాభము. ఇంటిలోని బిడ్డలు ఎవరి తీరున వారు ఎదుగుట ఇంటికి శోభ.