గుమ్మడికాయకు అవతలి ఒడ్డు

చిరంజీవి మనుమరాలికి కయత్తారు నుండి తాత ఆశీర్వదించి వ్రాయునది.

జపానులోని హోన్షూ, షికోకు, క్యూషూ అనే మూడు పెద్ద దీవుల నడుమ ఉన్న సెతో అంతస్సముద్రంలో, సుమారు ఎనిమిది చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం, మూడు వేల జనాభా గల నవోషిమా అనే దీవికి మనుమరాలు సెలవుల్లో ఒంటరిగా వెళ్ళదలచినట్లు, అక్కడ ఒక పసుపుపచ్చ గుమ్మడికాయ పక్కన ఫొటో తీయించుకొని ఆ సాయంత్రమే తిరిగి రావాలనుకుంటున్నట్లు కోవిల్పట్టి పెద్దమ్మ ద్వారా ఇంటికి తెలిసింది. ఒంటరి ప్రయాణానికి తాతకు అభ్యంతరం లేదు (అవ్వకు ఉన్నది, ఆమె మాట ఫోనులో విడిగా వినవలసి ఉంటుంది). అభ్యంతరమల్లా ఆ గుమ్మడికాయ గురించే.

కుసామా యాయోయి అనే శిల్పకారిణి నల్లచుక్కలతో రూపొందించిన ఆ గుమ్మడికాయ 1994 నుండి దక్షిణ తీరంలో, సముద్రంలోకి చొచ్చుకొని ఉన్న ఒక చిన్న కట్ట చివర నిలిచి ఉన్నది. 2021 ఆగస్టు తుపానులో అలలకు కొట్టుకుపోయి దెబ్బతినగా, 2022 అక్టోబరులో దాన్ని మళ్ళీ చేయించి అదే చోట నిలిపారు. అందులో తప్పేమీ లేదు, చూడదగినదే. అయితే ఒక ఊరికి ఒక బొమ్మ గుర్తుగా స్థిరపడితే వచ్చినవారి కళ్ళు ఆ బొమ్మ దగ్గరే ఆగిపోతాయన్నది కయత్తారువాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆంగ్లేయులను ఎదిరించిన కట్టబొమ్మన్నను 1799 అక్టోబరు 16న ఉరితీసిన చోట, వెండితెరపై ఆ పాత్ర ధరించిన శివాజీ గణేశన్ స్థలం కొని 1970లో నిలబెట్టించిన విగ్రహం దగ్గర బస్సులు ఆగుతాయి, జనం దిగుతారు, ఫొటో తీసుకుంటారు, తిరునెల్వేలి దారి పడతారు. ఊరి చుట్టూ తిరుగుతున్న గాలిమరలను చూసి ఇవి ఇక్కడే ఎందుకున్నాయని అడిగినవారు అరుదు. విగ్రహం వెలసిన రోజుల్లో తాతకు మీసకట్టు కొత్త. ఆవిష్కరణ నాటి జనంలో సైకిలు పోయిందన్న దిగులు మిగిలింది గాని ఉపన్యాసాల్లో ఒక్క ముక్కా మిగలలేదు. ఆ సంగతి పక్కన పెట్టవచ్చు.

నవోషిమా ఆధునిక చరిత్ర దీవి ఉత్తరపు కొసన మొదలవుతుంది. 1917లో మిత్సుబిషి సంస్థ అక్కడ రాగి శుద్ధి కర్మాగారం, అంటే ఖనిజాన్ని కరిగించి లోహాన్ని వేరుచేసే కొలిమి, స్థాపించింది. రాగి ఖనిజంలో గంధకం కలిసి ఉంటుంది గనుక దాన్ని కాల్చినప్పుడు వెలువడే పొగ చెట్లను మాడ్చివేస్తుంది. అందువల్ల ఉత్తరపు కొండలు బోడులైపోయాయి, దీవికి మాత్రం కూడు దొరికింది. 1959 నుండి ముప్ఫై ఆరేళ్ళు దీవికి మేయరుగా ఉన్న మియాకే చికాత్సుగు దీవిని మూడు భాగాలుగా భావించి, ఉత్తరాన్ని పరిశ్రమకు, నడిమి భాగాన్ని బడులకు, నివాసాలకు, దక్షిణాన్ని యాత్రికులకు కేటాయించాడు. 1985లో ప్రచురణకర్త ఫుకుతాకే తెత్సుహికోతో ఆయనకు కుదిరిన ఒప్పందం ఫుకుతాకే మరణానంతరం కుమారుడి చేతుల్లో పెరిగి, 1992లో బెనెస్సే హౌస్ మ్యూజియంగా, 2004లో చిచూ మ్యూజియంగా రూపుదాల్చింది.

ఈ రెండూ వాస్తుశిల్పి ఆందో తదావో నిర్మాణాలే. చిచూ దాదాపు పూర్తిగా భూమిలోపలే ఉన్నప్పటికీ, పైనుండి దిగే పగటి వెలుగులోనే మోనే చిత్రించిన ఐదు కలువకొలను చిత్రాలను చూడవలసి ఉంటుంది గనుక, మబ్బు పట్టినప్పుడు ఒక రంగు, ఎండ కాసినప్పుడు మరొక రంగు కనబడతాయి. ఆ చిత్రాలున్న గదిలోకి బూట్లు విప్పి వెళ్ళాలి, లోపల ఫొటోలు నిషిద్ధం, ప్రవేశానికి సమయాన్ని ముందుగానే నిర్ణయించుకోవాలి, సోమవారాలు సాధారణంగా సెలవు. చలికాలమైతే మందమైన మేజోళ్ళు వేసుకోవడం మంచిది. మనుమరాలి పాదాలు చిన్నప్పటినుంచీ మంచుగడ్డలే.

తూర్పున ఉన్న హోన్‌మురా గ్రామంలో మరికొంత నిదానంగా నడవాలి. పాడుబడిన ఇళ్ళను కూల్చకుండా కళాకారులకు అప్పగించే పథకం 1998లో అక్కడ కదోయా అనే పాత ఇంటితో మొదలైంది. ఆ ఇంట్లో మియాజిమా తత్సువో నీటి మడుగులో అమర్చిన వెలుగు అంకెలు ఒక్కొక్కటి ఒక్కొక్క వేగంతో మారుతుంటాయి. ఆ వేగాలను నిర్ణయించినవారు 125 మంది దీవివాసులు. ఇదే దీవిలో ముగ్గురు కలిసి ఒక బొమ్మను ఆడించే బున్‌రాకు అనే బొమ్మలాట యుద్ధానంతరం స్త్రీల చేతుల్లో పునరుద్ధరింపబడి, నేటికీ స్త్రీల ప్రదర్శనగానే సాగుతున్నది. జమీన్ కోడంగిపట్టిలో దేవదుందుభి వాద్యం మోగుతుండగా దేవరాట్టం అనే నృత్యంలో ఆడపిల్లలు ఎందుకు అడుగు వేయరాదని మనుమరాలు ఏడేళ్ళ వయసులో అడిగినప్పుడు పెద్దలెవరూ సరైన జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న అడిగినందుకు తాత ఆనాడు లోలోపల ఎంత మురిసిపోయాడో ఇప్పుడైనా వ్రాయడం న్యాయం.

ఇక అసలు విషయం, అంటే ఉత్తర తీరం. ఆ కర్మాగారం మూతపడిన శిథిలం కాదు, నేటికీ రాగి తీస్తున్న చోటు. పొరుగున ఉన్న తెషిమా దీవిలో ఒక సంస్థ 1990 వరకు ఏళ్ళ తరబడి అక్రమంగా పారబోసిన విషపు చెత్త విషయంలో, ప్రజలు దీర్ఘకాలం పోరాడి 2000లో కగావా ప్రభుత్వంతో ఒడంబడిక సాధించగా, ఆ చెత్తను కరిగించి శుద్ధిచేసే పనిని నవోషిమా స్వీకరించింది. సుమారు తొమ్మిది లక్షల టన్నులు ఓడల్లో తరలించిన తరువాత 2017లో రవాణా ముగిసింది. పొరుగువారి మురికిని తన గడపలోకి రానిచ్చిన ఊరిని బొమ్మల దీవి అని మాత్రమే పిలవడం అన్యాయం. కయత్తారు ఉన్న తూత్తుకుడి జిల్లాలో పుట్టినవారు ఈ సంగతిని తేలికగా దాటిపోరాదు. తూత్తుకుడిలో 1990ల దశకంలో పని ప్రారంభించిన రాగి కర్మాగారం ఆందోళనల నడుమ, 2018 మే నెల పోలీసు కాల్పుల్లో 13 మంది మరణించిన తరువాత మూతపడగా, ఆ మూసివేతను 2024లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. ఒకే లోహం ఒక తీరంలో నూరేళ్ళకు పైగా కొనసాగడానికీ, మరొక తీరంలో నెత్తురు పారడానికీ కారణం యంత్రాలలోనే ఉన్నదా, లెక్క అడిగే హక్కులో ఉన్నదా అన్నది చూసి రావలసిన విషయం. తాత మొగ్గు రెండవదానివైపే.

తాతకు ఇరవై ఏళ్ళు నిండని కాలంలో, ఇల్లు కట్టడానికి సున్నం కోసం పెద్దవారి వెంట లారీలో తూత్తుకుడి వెళ్ళినప్పుడు, ఒడ్డున తెల్లని పగడపు రాళ్ళు కుప్పలుగా కనిపించాయి. పగడపు దిబ్బలు అలల తాకిడిని విరిచే సహజమైన గోడలు. వాటిని సున్నానికి తవ్వివేయడం ముఖ్య కారణంగా మన్నారు సింధుశాఖలోని 21 చిన్న దీవుల్లో రెండు నీట మునిగాయి, తూత్తుకుడికి చేరువలోని వాన్ దీవి కుంచించుకుపోగా దాని ముందు 2015 నుండి కృత్రిమ దిబ్బలు దించవలసి వచ్చింది. మనుమరాలు వేసవిలో చెంప ఆనించి పడుకునే ఆ చల్లని గోడలో ఆనాటి సున్నమే ఉన్నది. చిన్న దీవి చూడడానికి ఎంత ముద్దుగా ఉన్నా, అది ఎవరి అవసరానికి కరుగుతున్నదో అడగవలసిందే.

ఆ కర్మాగారాన్ని కూడా చూడాలి కనుక తకామాత్సు రేవు నుండి గాక ఒకాయామా వైపున ఉన్న ఉనో రేవు నుండి ఓడ ఎక్కడం మేలు. మియానోఉరా చేరడానికి పట్టే ఇరవై నిమిషాల్లో, ఎడమవైపు నిలబడితే కర్మాగారమూ దాని కొండలూ కనబడతాయి. ఆ సమయంలో ఫోను సంచిలో ఉండడం మంచిది. శనివారమైతే, ఆ రోజు నీచు ముట్టరాదన్న అవ్వ నియమం ఇంకా పాటిస్తున్నట్లయితే, ఆ ప్రాంతపు ప్రసిద్ధ ఉదోన్, అంటే లావుపాటి గోధుమ సేమ్యా, ఎండుచేపతో కాచిన రసంలో వడ్డిస్తారు గనుక ముందే అడగాలి. నియమం వదిలేసి ఉంటే ఆ సంగతి అవ్వకు తెలియనక్కరలేదు. చివరి ఓడ వేళను రేవులో దిగగానే కాగితం మీద వ్రాసుకోవాలి. కోవిల్పట్టి కడలైమిఠాయి, అంటే వేరుశనగ చిక్కీ, పొట్లాలు పెద్దమ్మ పంపిన పార్శిలులో ఉన్నాయి, రెండు సంచిలో వేసుకోవాలి. గుమ్మడికాయ పక్కన తీయించుకున్న ఫొటో కూడా పంపవచ్చు, అవ్వ అడుగుతున్నది.

ఇట్లు
ఆశీస్సులతో
తాత