ఫైబర్ నుసి: దులపకండి, తడిపి తుడవండి

ప్రశ్న: మా బాత్‌రూమ్ ఫైబర్ తలుపు కింది అంచు పగిలింది. మా మరిది షాపులో మ్యాటు, రెజిన్ కొనుక్కొచ్చి అతికించాడు. ఎగుడుదిగుడుగా ఉందని హాల్లోనే గ్రైండర్ పెట్టి అరగదీశాడు. ఉక్కపోతకి ఫ్యాన్ కూడా వేసుకున్నాడు. సాయంత్రానికి ఇంటిల్లిపాదికీ దురదలు. రెండుసార్లు ఊడ్చాను, సోఫా దులిపాను. తగ్గకపోగా ఎక్కువైంది. ఇంట్లో పాకే పిల్ల ఉంది. ఏం చేయమంటారు?
- ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: ఊడ్చినందుకే ఎక్కువైందమ్మా. ఆ నుసిలో ఉన్నవి గాజు పోగుల ముక్కలు, గట్టిపడిన రెజిన్ పొడి. చీపురు తగిలితే లేస్తాయి, ఫ్యాన్ గాలికి వంటింటిదాకా పోతాయి, కాసేపటికి మళ్లీ దిగుతాయి. దుమ్మంటే ఊడవడం, దులపడం, పరుపు ఎండలో వేసి కర్రతో కొట్టడం మనకు చేతి అలవాటు. ఈ నుసి దగ్గర అవన్నీ బెడిసికొడతాయి.

ముందు ఫ్యాన్లు, ఏసీ, కూలర్ ఆపేయండి. పిల్లని రెండు రోజులు అమ్మమ్మగారింటికో, తెలిసినవాళ్లింటికో పంపండి. హాలు తలుపులు మూసి రాత్రంతా వదిలేస్తే గాలిలో ఉన్నది నేలకు దిగుతుంది. మర్నాడు పని మొదలుపెట్టేటప్పుడు పొడుగు చేతుల చొక్కా, రబ్బరు గ్లవుజులు, కళ్లద్దాలు, ఎన్95 మాస్కు ఉండాలి. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే సరిపోదు.

పైనుంచి కిందికి రండి. ఫ్యాన్ రెక్కల పైభాగం, బీరువా పైన, కిటికీ ఊచలు, ఆఖరున నేల. నేలమీద నుసి మందంగా ఉంటే స్ప్రే సీసాతో సన్నగా నీళ్లు చల్లి తడపండి. పాత నూలు గుడ్డ తడిపి ఒకే దిక్కుగా లాగుతూ తుడవండి, ప్రతిసారీ మడత మార్చండి. గుడ్డని బకెట్లో జాడిస్తే గాజు అడుక్కి చేరుతుంది. అది నీళ్లకంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు. పైనీళ్లు మెల్లిగా వంపేసి, అడుగున మిగిలిన మడ్డిని పాత పేపరుతో తీసి కవర్లో మూటకట్టండి. పని అయ్యాక ఆ గుడ్డలు కూడా తడి ఆరకముందే అందులోకే వెళ్లాలి. గాజు నీళ్లలో కరగదు కదా, గుడ్డ ఆరితే మళ్లీ రాలుతుంది.

వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే హెపా ఫిల్టర్ ఉందో లేదో చూడండి. ఉంటే సగం శ్రమ తప్పినట్టే. లేకపోతే బయటకు తీయకండి. ముందు నుంచి పీల్చిన సన్న నుసిని వెనక నుంచి గదిలోకే వదులుతుంది.

గుడ్డ సోఫాతోనే అసలు తంటా. వెడల్పాటి ప్యాకింగ్ టేపు జిగురు వైపు అద్ది తీస్తూ, అద్ది తీస్తూ జానెడు జానెడు సాగాలి. ఈ పని మరిదికి అప్పగించండి, ఆయనకే న్యాయం. పరుపు మీది దుప్పటిని మూలలు లోపలికి మడిచి, విదిలించకుండా తీయండి. మూత లేని వంటలు, తాగేనీళ్లు పారబోయండి. గిన్నెలన్నీ కడగండి. ఏసీ ఫిల్టర్‌ని కుళాయి కింద కడిగి, ఆరబెట్టి బిగించండి.

రాత్రి లైట్లు ఆర్పి, టార్చిని నేలకు ఆనించినట్టు పట్టుకుని వేయండి. మిగిలినవి తళుక్కుమంటాయి. కనిపించినన్నాళ్లూ మళ్లీ తడిగుడ్డే. అది అయ్యాకే ఫ్యాన్ వేయడం, పిల్లని తేవడం.

ఇంకోసారి అరగదీయాల్సి వస్తే డాబా మీద, వాటర్ పేపర్ తడిపి చేత్తోనే. నుసి లేవదని గ్రైండర్ మీద నీళ్లు పోసేరు, కరెంటుతో చెలగాటం వద్దు.

ప్రశ్న: దురదకి కొబ్బరినూనె రాయమంటున్నారు. రాయొచ్చా?
- ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: పోగులు చర్మంలో ఉండగా వద్దు. నూనె రాయాలంటే రుద్దాలి, రుద్దితే ఇంకా లోపలికి దిగుతాయి. గోకడం కూడా అంతే. కుళాయి కింద నీళ్లు ధారగా పోనిచ్చి, తర్వాత సబ్బు నురుగు తేలిగ్గా రాసి కడగండి. మిగిలినవి టేపు అద్దితే వస్తాయి. కంట్లో పడితే నలపకుండా 15 నిమిషాలు మంచినీళ్లతో కడిగి, అప్పటికీ గరగరమంటే కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: మా ఆయన ఫైబర్ బోట్లు బాగుచేస్తారు. ఆయన బట్టలతో కలిపి ఉతికాక పిల్లలు ఒళ్లు గోక్కుంటున్నారు.
- ఒక పాఠకురాలు, ఉప్పాడ

జవాబు: 2004 సునామీ తర్వాత మన తీరంలో ఫైబర్ బోట్లు బాగా పెరిగాయి, వాటితోపాటే ఈ బాధ కూడా. పని బట్టలు ఇంటి లోపలికి రానివ్వకండి. గుమ్మం బయటే విప్పి బకెట్లో నానేసి, విడిగా జాడించి, విడిగా ఆరేయండి. బండమీద బాదితే పోగులు బండకు అంటుకుని తర్వాత వేసిన గౌనుకి ఎక్కుతాయి. మెషీన్ అయితే ఆ విడత అయ్యాక ఒకసారి ఖాళీగా నీళ్లతో తిప్పండి. బోటు దగ్గరే బట్టలు మార్చుకుని, స్నానం చేసి వస్తే ఇంకా మేలు.

ప్రశ్న: ఫైబర్ నుసి కూడా ఆస్బెస్టాస్ లాంటిదేనని, క్యాన్సర్ వస్తుందని విన్నాను. నిజమా?
- ఒక రిటైర్డ్ ఉద్యోగి, ఖమ్మం

జవాబు: రెండూ ఒకటి కాదండీ. ఆస్బెస్టాస్ పోగు నిలువునా చీలి అంతకంతకూ సన్నబడుతుంది, ఊపిరితిత్తుల లోతుకు పోయి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. గాజు పోగు అడ్డంగా విరుగుతుంది. పొట్టిదవుతుంది గాని సన్నబడదు. తలుపులు, బోట్లలో వాడే గాజు పోగుల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2001లో సమీక్షించి, మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని వర్గీకరించడానికి ఆధారాలు చాలవన్న మూడో కోవలో పెట్టింది. ఆస్బెస్టాస్ మొదటి కోవలో ఉంది, అంటే రుజువైనది. అలాగని గాజు నుసిని పీల్చొచ్చని కాదు. గొంతు మండుతుంది, దగ్గొస్తుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకి ఆయాసం పెరుగుతుంది.

మీరు భయపడాల్సింది వేరే ఉంది. ఇంటి కప్పులకు వేసే బూడిదరంగు సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని గ్రైండర్‌తో కోయించకండి, డ్రిల్లుతో తూట్లు పొడిపించకండి, విరిగిన ముక్కల్ని పొడి చేసి గుంతలు పూడ్చకండి. ఇంట్లో అతుకు వేసినది ఫైబరో, సిమెంటు రేకో తేలకపోతే, సిమెంటు రేకే అనుకుని జాగ్రత్తపడండి.