వలందుల మాటలు, మన సమాసములు

బందరు పట్టణమున వలందపాలెమను పేట కలదు. వలందులనగా డచ్చివారు. 1602వ సంవత్సరమున స్థాపింపబడిన వారి వర్తకసంఘము కొలది యేండ్లకే బందరున కోఠీ నెలకొల్పెను. కోఠీ పోయినను పేరు నిలిచినది.

తమ హాలండును డచ్చివారు 'హొలంట్' అని మొదటి యక్షరమును నొక్కి పలుకుదురు. అదియు సమాసమే, అడవినేల యని దాని పూర్వార్థము. పోర్చుగీసువారు హకారమును విడిచి 'ఒలాంద' యని నడిమి యక్షరమును నొక్కుదురు. మన వలందునను హకారము లేదు గనుక, ఈ మాట పోర్చుగీసువారి నోట మనకు వచ్చినదని తలంచుచున్నాము.

డచ్చి సమాసములలో సాధారణముగా మొదటి పదము మీదనే ఊనిక. 'జే' సముద్రము, 'హావన్' రేవు. 'జేహావన్' అనునపుడు 'జే' గట్టిగా వినబడును. ఇక విరుపు. 'క్వార్ట్‌స్లాహన్' అను మాటను 'క్వార్ట్, స్లాహన్' అని విరిచిన పావుచుట్లు; 'క్వార్ట్స్, లాహన్' అని విరిచిన పలుగురాతి పొరలు! వ్రాత యొకటే, ఊనిక యొకటే. పదముల పొలిమేర ఎచ్చటనో తెలియక అర్థము తెలియదు.

తెలుగున ఊనిక అర్థమును మార్చదు; ఆ పని దీర్ఘము చేయును. వడ తినునది, వాడ నివసించునది. పొలిమేర మాటయో, మనకు మరింత చిక్కు. బెజవాడ కొండ పేరు చూడుడు: ఇంద్రకీల, అద్రి కలిసి ఇంద్రకీలాద్రి యైనది. రెండు పదముల పొలిమేర 'లా' యను నొక్క యక్షరము కడుపులోనే యున్నది. డచ్చివాడు దీనిని నమ్ముట కష్టము.

గణవిభజనలో మన విద్యార్థులు తడబడునది ఈ పొలిమేర యొద్దనే. 'జలప్రవాహము', 'నీటి ప్రవాహము' అర్థమున ఒక్కటియే. మొదటిది సంస్కృతసమాసము, ఏకపదముగా పలుకబడును. 'ప్ర'లోని పకారము వెనుకటి లకారము నూతగొనుటచే 'ల' గురువగును. రెండవదానిలో 'నీటి' తెలుగుమాట. దాని తరువాత నాలుక ఒకింత విరుపు నిచ్చును. కావున 'టి' లఘువే. సంయుక్తాక్షరము కనబడినంతనే వెనుకటి యక్షరమునకు గురుచిహ్నము పెట్టువారికి ఇచ్చట గణము చెడును. ఒక గణము చెడిన పాదమంతయు నిలువదు.

'మధురప్రసంగము', 'తియ్యని ప్రసంగము' అను వానికి గురులఘువులను విద్యార్థులు తామే గుర్తించి, పండితుల వారికి చూపవలెను.