ఇంటింటి ఫోను – పంచాయతీ బాధ్యత

2015 ఆగస్టులో నాటి చిత్తూరు జిల్లాలోని శ్రీసిటీలో తయారైన షావోమి ఫోను విపణిలోనికి వచ్చినది. శ్రీసిటీ 2022లో తిరుపతి జిల్లాలో చేరినది. ఒకప్పుడు పట్టణములలోని ధనికుల చేతిలో మాత్రమే కానవచ్చిన ఫోను నేడు మన ప్రాంతముననే తయారై, మన పల్లెలకును చేరినది. ఇక పంచాయతీ సభ్యులు ఆలోచింపవలసినది దాని వినియోగమును గూర్చియే.

పేద కుటుంబము ఖరీదైన ఫోను ఏల కొనును? ఆడంబరమని కొట్టివేయుట న్యాయము కాదు. సంపన్నుని యింట కంప్యూటరు, కెమెరా, టెలివిజను వేరువేరుగా నుండును. పేదవాని యింట ఆ పనులన్నిటికిని ఒక్క ఫోనే ఆధారము. మదనపల్లె మార్కెట్టులో టమోటా ధరను రైతు దానితోనే విచారించును. బిడ్డ దానిలోనే పాఠము చూచును. కువైటులో పనిచేయు భర్తతో ఇల్లాలు దానితోనే ముఖాముఖిగా మాటలాడును.

అయినను, ధర హెచ్చినంత మాత్రమున ప్రయోజనము హెచ్చదు. బంగ్లాదేశములో 1997 నుండి గ్రామీణ స్త్రీలు అప్పుపై ఫోను తీసికొని, రుసుముపై ఊరివారికి మాటలాడుటకిచ్చి జీవనోపాధి పొందిరి. కెన్యాలో 2007లో ప్రారంభమైన ఎం-పెసా ద్వారా సామాన్యమైన ఫోను నుండియే డబ్బు పంపవచ్చును. మన దేశమున 2022లో ప్రవేశపెట్టిన యూపీఐ 123పే కూడ ఇంటర్నెట్టు లేని ఫోనులకై ఏర్పడినదే. కావున వాయిదాలపై ఖరీదైన ఫోను కొనుటకు ముందు, ఏ పనికై కొనుచున్నామో ఇంటిల్లిపాదియు ఆలోచించుకొనుట మేలు.

ఇంటికి ఒక్కటే ఫోను ఉన్నచో అది తరచుగా మగవాని జేబులో నుండును. అవ్వ బ్యాంకు ఖాతాకు సంబంధించిన సందేశమును మరియొకరు చదివి చెప్పవలసి వచ్చును. చదివినవాడు మంచివాడైన సరి. కానిచో ఆమె సొమ్మునకు రక్షణ లేదు. కావున ఫోను వాడుక స్త్రీలకును, వృద్ధులకును నేర్పుట అత్యవసరము.

ఇందుకై పంచాయతీలు మూడు పనులు చేయవచ్చును.

మొదటిది, జాగ్రత్తలు బోధించుట. డబ్బు పంపుటకే పిన్ కావలయును; పుచ్చుకొనుటకు అక్కరలేదు. ఓటీపీని ఎవరికిని చెప్పరాదు. మోసము జరిగినచో సిగ్గుపడి దాచక, తక్షణమే 1930 నంబరుకు తెలుపవలయును. ఆలస్యమైనకొలది సొమ్ము చేతులు మారిపోవును.

రెండవది, ప్రభుత్వ సేవలను చూపుట. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వము ‘మన మిత్ర’ను ప్రారంభించినది. 9552300009 నంబరుకు వాట్సాప్ సందేశము పంపి పెక్కు సేవలు పొందవచ్చును. దీనిని ఉపయోగించు విధమును సభలో ఒక్కసారి చేసి చూపినచో, అనేకులకు కార్యాలయముల చుట్టు తిరుగు శ్రమ తప్పును.

మూడవది, తమ లెక్కలను తామే చూపుట. 2020లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఈ-గ్రామస్వరాజ్‌లో పంచాయతీ ప్రణాళికలను, వ్యయములను ఎవరైనను చూడవచ్చును. సభ్యులు తామే ముందుగా దానిని తెరచి గ్రామసభలో చదివి వినిపించినచో ప్రజలకు నమ్మకము కలుగును.

ఫోనును ప్రజలు తమ కష్టార్జితముతో కొనుక్కొనిరి. దానిని ఉపయోగించు తెలివిని ఊరందరికిని పంచుట పంచాయతీ పని. రాబోవు గ్రామసభలోనే ఈ పాఠమునకు ఒక గంట కేటాయింతురు గాక!