హెడ్‌రెస్ట్ తీసేయవచ్చా?

ప్రశ్న: సాలూరు నుంచి కోరాపుట్‌కు తరచూ కారులో వెళ్తుంటాను. ఘాట్ ఎక్కేసరికి మెడ పట్టేస్తోంది. హెడ్‌రెస్ట్ తీసేసి నెక్ పిల్లో పెట్టుకోవచ్చా?

జవాబు: దయచేసి తీయకండి. సుంకి ఘాట్ మలుపుల్లో మీ వెనక వచ్చేవి బరువు లారీలు. వెనక నుంచి గుద్దితే సీటు మీ వీపును ముందుకు తోస్తుంది, తల మాత్రం వెనకబడిపోతుంది, మెడ విరుచుకుంటుంది. తలను ఆపేది హెడ్‌రెస్టే. అమెరికాలో 1969 నుంచే కొత్త కార్లకు తప్పనిసరి చేశారు.

హెడ్‌రెస్ట్ పైఅంచు నడినెత్తికి సమానంగా, కనీసం చెవుల పైభాగం దాకా రావాలి. తలకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. రెండు మూడు వేళ్ల సందు చాలు. సీటు బాగా వెనక్కి వాల్చి నడుపుతున్నారా? అలాగైతే మెడ ముందుకు చాచాల్సి వస్తుంది, నొప్పి అందుకే కావచ్చు. మొదట మీ సీటు వీపును కాస్త నిలబెట్టండి. నెక్ పిల్లో వద్దు, ఆ సందును పెంచుతుంది. ఎత్తు మార్చాక లాకు పడిందో లేదో చూడండి. వెనక సీట్లో పెద్దవాళ్లుంటే వాళ్లదీ పైకి లాగండి.