చెవులపిల్లి కూన – పొదనలంచి గూడు

తొలకరి తరువాత గట్లమీది గడ్డి కోయునప్పుడు చెవులపిల్లి కూన కనబడుట అడవి అంచు గ్రామములలో అరుదు కాదు. ఒడలెల్ల బొచ్చుతో, కన్నులు విప్పి చూచుచు, కదలక పడియుండును. దాపున తల్లి ఉండదు. దిక్కులేనిదని జాలిపడి ఇంటికి తెచ్చి ఆవుపాలు పట్టుదురు. పెక్కు కూనలు ఆ జాలివల్లనే చచ్చుచున్నవి.

తల్లి దానిని విడిచిపోలేదు. ఇండ్లలో పెంచు కుందేళ్ల వలె చెవులపిల్లి కలుగు త్రవ్వదు. పొదక్రిందనో గడ్డిలోనో ఒడలు పట్టునంత పల్లము చేసికొని పగలు అందులో పడుకొనును. దాచుటకు ఇల్లు లేదు గనుక, కూన బొచ్చుతో, తెరచిన కన్నులతో పుట్టును. తల్లి ఎల్లవేళల చెంతనే యున్నచో నక్క పసిగట్టును. కావున పాలిచ్చు వేళకు మాత్రము వచ్చి పోవును. కూనను పొరపాటున తెచ్చియున్నచో, ఆ సాయంత్రమే దొరికిన చోట విడువవలెను.

పొదనలంచి పద్ధతి దీనికి తలక్రిందులు. దీనినే శ్యామా పిట్ట అందురు. మగదాని వీపు నిగనిగలాడు నలుపు, పొట్ట ఇటుక రంగు, తోక మొదట తెల్లని మచ్చ, తోక మిక్కిలి పొడవు. తూర్పు కనుమల వెదురు పొదలలో వేకువను, మసక చీకటిని పాడును. ఆ పాట కోకిల కూతకంటె మిన్న యని మా అభిప్రాయము. ఏప్రిల్ మొదలు జూన్ వరకు చెట్టు తొర్రలోనో వెదురు పొదలోనో ఎండుటాకులతో గూడు కట్టి, సాధారణముగ నాలుగు గ్రుడ్లు పెట్టును. పిల్లలు ఈకలు లేక, కన్నులు తెరవక పుట్టును. పెద్దవి పురుగులు తెచ్చి నోటికందించవలెను. గూడు పోయినచో వాటికి వేరు దారి లేదు. ఆ మూడు నెలలు తొర్రచెట్లు నరుకుట, పొదలకు నిప్పు పెట్టుట మానవలెను.

పొదనలంచి పురుగులు తినునది అడవిలోనే. పొలమునకు మేలు చేయునని చెప్పజాలము. చెవులపిల్లి మాత్రము వేరుశనగ, పెసర మొలకలను కొరుకును. కత్తితో ఏటవాలుగ కోసినట్లు మొక్క తెగియుండి, చెంత గుండ్రని పెంటికలున్నచో అది దాని పనియే. ముళ్ళకంపను నేలకానునట్లు, అడుగున సందు లేకుండ వేయవలెను. ఉచ్చు పన్నరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అది నేరము. పాటకై శ్యామాను పట్టి పంజరమున ఉంచుటయు అట్టిదే. 2022 నవంబరులో ఈ పిట్ట అంతర్జాతీయ వ్యాపారముపైనను కట్టుబాటు విధింపబడినది. గ్రామాధికారులు ఉచ్చులుగాని పంజరములుగాని చూచినచో అటవీ శాఖవారికి వెంటనే తెలుపవలెను.